అమ్మకి పాడి పంపిన టేపు కోసమైనా: జోనీ మిచెల్ ఆర్కైవ్స్, మొదటి సంపుటం

ముందే చెప్పేస్తాను, తన పాటలు తానే రాసి పాడే కెనడా గాయని జోనీ మిచెల్‌ని ఇంతవరకు విననివాళ్లు, ఆమె తొలినాటి రికార్డింగులున్న ఈ పెట్టెతో మొదలుపెట్టకండి. ఐదు సీడీలు, దాదాపు ఆరు గంటలు, చాలావరకు ఒక్క గొంతు, ఒక్క గిటార్, మధ్యలో కబుర్లు, అక్కడక్కడా టేపు గరగర, కొన్ని పాటలైతే మూడు నాలుగు సార్లు వస్తాయి. కొత్తగా వినేవాళ్లకి ఇది మోయలేని బరువు అవుతుంది. వాళ్లు 1971లో వచ్చిన బ్లూ ఆల్బంతో మొదలుపెట్టాలి, ముప్పావు గంట కూడా ఉండదు. అది మనసుకి పట్టుకుంటే 1974 నాటి కోర్ట్ అండ్ స్పార్క్, ఆ తర్వాత 1976లో వచ్చిన హెజీరా. ఆ మూడూ కంఠతా వచ్చాక, ఇంకా ఏదో మిగిలిపోయిందే అని వెతుక్కునే రోజు వస్తుంది చూడండి, ఆ రోజు ఈ పెట్టె తెరవాలి.

నాకైతే ఆ రోజు ఎప్పుడో వచ్చేసింది. దీని కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో లెక్క చెప్పలేను.

ఇది 2020 అక్టోబర్ 30న వచ్చింది. 1963 నుంచి 1967 వరకు, అంటే ఆమె మొదటి ఆల్బం 1968లో రాకముందు, రేడియో స్టేషన్లలో, చిన్న చిన్న కాఫీహౌస్ వేదికల మీద, స్నేహితుల ఇళ్లల్లో పాడినవన్నీ ఏరి కూర్చి పెట్టారు. వీటిలో 29 సొంత పాటలు అంతకుముందు ఆమె గొంతులో ఎక్కడా విడుదల కాలేదు. ఒక్కసారి ఆలోచించండి, మీకు ప్రాణమైన మనిషివి ఇరవై తొమ్మిది పాటలు, మీరు విననివి, ఒక్క రోజులో మీ చేతికొస్తే ఎలా ఉంటుందో. ఆ మొదటి వారం నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పెట్టెతో పాటు ఫొటోల పుస్తకం, అందులో సినిమా దర్శకుడు కామెరాన్ క్రోతో ఆమె చేసిన సుదీర్ఘ సంభాషణ కూడా ఉన్నాయి. 2022లో దీనికి ఉత్తమ చారిత్రక ఆల్బంగా గ్రామీ వచ్చింది. ఆ అవార్డు రాకపోయినా నా మాట ఇదే.

ఇంతకీ నేనెవరిని ఇవన్నీ చెప్పడానికి అంటే, సంగీతం చదువుకున్నవాణ్ణి కాను. అన్నయ్య స్నేహితుడొకాయన ఒకసారి తొంభై నిమిషాల కాసెట్ ఇచ్చి, రెండో వైపు విను అన్నాడు. మీద పెన్సిల్‌తో రాసిన పేరు చెరిగిపోయి ఉంది. పాడుతున్నది ఎవరో తెలియకుండానే ఆరు నెలలు విన్నాను. ఇంగ్లిష్ సగమే అర్థమయ్యేది. రూళ్ల నోట్‌బుక్‌లో పాటలు విని విని రాసుకునేవాణ్ణి, అర్థంకాని మాట దగ్గర గీత గీసి వదిలేసేవాణ్ణి. ప్లే, రివైండ్, మళ్లీ ప్లే. ఆ రివైండ్ బటన్ నా బొటనవేలి కిందే అరిగిపోయింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గీతలు ఒక్కొక్కటీ నిండాయి, కొన్ని మాత్రం అలాగే ఉండిపోయాయి. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఈ పెట్టెలోని 1967 కచేరీల్లో మాటల్ని ఎంత స్పష్టంగా పలుకుతుందంటే, నేను వదిలేసిన ఖాళీల్లో మూడు వీటితోనే పూరించాను. నాకు ఇదొక్కటి చాలు, పెట్టిన డబ్బు వసూలైపోయింది.

ఇక పెట్టెలోకి వద్దాం.

మొదటి సీడీ మొదలయ్యేది 1963లో కెనడాలో సాస్కటూన్ ఊళ్లోని సీఎఫ్‌క్యూసీ అనే రేడియో స్టేషన్‌లో చేసిన రికార్డింగుతో. ఆమె పాడగా మనకి దొరికినవాటిలో ఇదే అన్నిటికంటే పాతది. వయసు పందొమ్మిది. అప్పటికి పేరు జోనీ ఆండర్సన్. అన్నీ జానపదాలే, అందరూ పాడే పాటలే. నిజం చెప్పాలంటే, ఎవరో చెప్పకుండా వినిపిస్తే నేను గుర్తుపట్టేవాణ్ణి కాదేమో. గొంతు బాగుంది, శ్రుతి బాగుంది, పైస్థాయిలో కంఠం వణికించే ఆ తీరు అప్పటి జానపద గాయనుల్లో చాలామందికి ఉన్నదే. చక్కగా పాడే అమ్మాయి, అంతే. మరుసటి ఏడాది, 1964 అక్టోబర్‌లో, టొరంటోలో హాఫ్ బీట్ అనే చోట పాడిన రెండు విడతలు ఉన్నాయి. అక్కడా అంతే. పాటలు ఇంకొకరివి, పద్ధతి ఇంకొకరిది, గొంతు మాత్రం ఈమెది.

చాలామంది అభిమానులు ఈ భాగాన్ని ఒకసారి విని పక్కన పెట్టేశారు. నా సలహా వేరు. దీన్ని దాటేయకండి, కనీసం రెండుసార్లు వినండి, ఎందుకంటే తర్వాత రాబోయేదాని విలువ ఇక్కడే తెలుస్తుంది.

1965 దగ్గరికి వచ్చేసరికి సొంత పాటలు మొదలవుతాయి. ఎలా వస్తాయంటే, చెప్పాపెట్టకుండా వస్తాయి. అంతవరకు వింటున్న మనిషే, అదే గిటార్, కానీ ఒక్కసారిగా మాటల అమరిక మారిపోతుంది, రాగం ఎటు వెళ్తుందో ఊహించలేం. మన భాషలో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఒకటుంది, వాగ్గేయకారులు. మాటా తనదే, పాటా తనదే అయినవాళ్లు. అన్నమయ్యనీ త్యాగయ్యనీ ఆ పేరుతో పిలుచుకుంటాం కదా, కానీ వాళ్లు వాగ్గేయకారులు అయిన ఆ క్షణం మనకి ఎక్కడా దొరకదు, అన్నీ అయిపోయాక మిగిలిన కీర్తనలే మనకి తెలుసు. ఇక్కడ ఆ క్షణం టేపు మీద ఉంది. ఇంకొకరి పాటలు పాడే అమ్మాయి తన పాట తాను కట్టుకునే మనిషిగా మారడం సీడీ నుంచి సీడీకి చెవులారా వినొచ్చు. జీవితమంతా ఒకరి పాటల్ని వెంటేసుకుని తిరిగినవాళ్లకి ఇంతకంటే ఇంకేం కావాలి. ఆమె పుట్టుకతోనే అలా రాసేసిందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. కాదట, నేర్చుకుంది. తప్పులు చేసింది, కొన్ని పాటల్లో ఉపమానాలు మరీ ఎక్కువ పేర్చింది, కొన్నింటిని వదిలేసింది. ఆ వదిలేసినవాటిలో కూడా ఒక్కోచోట ఒక వాక్యం తళుక్కుమంటుంది, ఐదేళ్ల తర్వాత బ్లూలో కనిపించే మనిషి అక్కడ ఒక్క క్షణం తొంగిచూసినట్టు ఉంటుంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయం. 1965లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉన్నప్పుడు ఆమె వాళ్లమ్మ మర్టిల్ ఆండర్సన్ పుట్టినరోజుకని పాటలు టేపు మీద పాడింది. ఆ టేపు ఈ పెట్టెలో ఉంది. కూతురు పాటలు కట్టడం మొదలుపెట్టింది, అమ్మకి పాడి వినిపించాలి, మధ్యలో దేశం సరిహద్దు ఉంది. అందుకని టేపు. దీన్ని మొదటిసారి విన్నప్పుడు ముచ్చటగా అనిపించింది, అంతే. తర్వాత ఒకరోజు తారీఖులు పక్కపక్కన పెట్టుకుని చూస్తే గుండె గుభేలుమంది. అదే 1965 ఫిబ్రవరిలో టొరంటోలో ఆమెకి ఒక ఆడబిడ్డ పుట్టింది. పెళ్లి కాలేదు, చేతిలో డబ్బు లేదు, ఆ సంగతి తల్లిదండ్రులకి తెలియనివ్వలేదు, ఆఖరికి బిడ్డని దత్తతకి ఇచ్చేసింది. అంటే అమ్మ కోసం పాడుతున్న ఆ గొంతు వెనక అమ్మకి చెప్పని ఇంత పెద్ద విషయం ఉంది. పాటల్లో ఎక్కడా ఆ ప్రస్తావన రాదు. గొంతు వణకదు. ఉల్లాసంగా, శుభ్రంగా పాడుతుంది. తెలిసి విన్నాక మాత్రం ఆ ఉల్లాసాన్ని తట్టుకోవడం నాకు కష్టమైంది, వెంటనే మళ్లీ పెట్టుకుని వినలేకపోయాను.

ఆ మాట బయటికి వచ్చింది రెండేళ్ల తర్వాత, ఒక పాటగా. లిటిల్ గ్రీన్. 1967 అక్టోబర్ చివర్లో ఆన్ ఆర్బర్‌లోని కాంటర్‌బరీ హౌస్‌లో పాడిన దాన్ని ఈ పెట్టెలో చివరి భాగంలో వినొచ్చు. ఆ పాట బ్లూలో 1971లో వచ్చినప్పుడు కూడా అది ఎవరి గురించో చాలామందికి అర్థం కాలేదు. దత్తత వెళ్లిన ఆ కూతురు, ఈమె 1997లో కలుసుకున్నారు, ముప్పై రెండేళ్లకి. ఇవన్నీ తెలిసి 1967 నాటి ఆ గదిలో కూర్చున్న జనం చప్పట్లు వింటుంటే, తాము విన్నదేమిటో వాళ్లకి తెలియదు కదా అనిపిస్తుంది. పాట అయిపోతుంది, చప్పట్లు, తర్వాత ఆమె మామూలుగా ఇంకో పాటలోకి వెళ్లిపోతుంది.

మా అమ్మకి ఇంగ్లిష్ రాదు. ఒకసారి ఈ పుట్టినరోజు టేపు నడుస్తుంటే పక్కనే కూర్చుని ఉంది. "ఎవరికి పాడుతోందిరా?" అని అడిగింది. వాళ్లమ్మకి అన్నాను. ఇంకేం చెప్పలేదు. కాసేపు విని, "అమ్మకేనా? ఏదో దాచిపెట్టి పాడుతున్నట్టుంది" అంది. మా అమ్మ చెవి మీద నాకు అప్పుడు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

సరే, బోత్ సైడ్స్ నౌ గురించి చెప్పకపోతే ఎవరూ క్షమించరు. విమానంలో కూర్చుని నవల చదువుతూ, కిందికి చూస్తే మేఘాలు కనిపించి, 1967 మార్చిలో రాసిన పాట అది. ఇరవై మూడేళ్ల వయసు. అప్పుడప్పుడే రాసిన ఆ పాటని ఫిలడెల్ఫియాలోని ఒక రేడియో కార్యక్రమంలో పాడింది, అదే ఇక్కడ ఉంది. 1968లో జూడీ కాలిన్స్ అనే గాయని గొంతులో అది ప్రపంచమంతా తిరిగింది, ఆ తర్వాతే 1969లో జోనీ తన రెండో ఆల్బంలో పాడుకుంది. ఈ రేడియో రికార్డింగు వింటుంటే ఆమెకి ఆ పాట ఇంకా కొత్త చొక్కాలా ఉన్నట్టు తెలిసిపోతుంది, ఎక్కడ బిగువుందో ఎక్కడ వదులుందో చూసుకుంటూ పాడుతున్నట్టు ఉంటుంది. ఆ పాట ముందు ముందు తన బతుకుని ఎంత మోస్తుందో ఆమెకేం తెలుసు.

దీన్ని ఎలా వినాలో నా పద్ధతి చెబుతాను. ముందు ఈ 1967 రేడియో పాట. వెంటనే 2000లో విన్స్ మెండోజా నడిపిన ఆర్కెస్ట్రాతో పాడిన అదే పాట, అప్పటికి ఆమెకి యాభై ఆరేళ్లు, ఏళ్ల తరబడి సిగరెట్లతో గొంతు మూడు మెట్లు కిందికి దిగిపోయింది. ఆ తర్వాత 2022 జూలైలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో పాడింది, డెబ్బై ఎనిమిదేళ్లు. 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, నడక దగ్గర్నుంచి అన్నీ మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చిన మనిషి. పెద్ద కుర్చీలో కూర్చుని, చుట్టూ పిల్లల్లాంటి గాయకులు కన్నీళ్లు పెట్టుకుంటుంటే, తొణక్కుండా పాడింది. మూడూ ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో మాట్లాడకుండా. మాటలు ఒక్కటే. ఇరవై మూడేళ్లకి రాసినప్పుడు అవి ఊహించి రాసినవి. యాభై ఆరుకి అవి అనుభవం. డెబ్బై ఎనిమిదికి అవి ఏమిటో నాకు పేరు పెట్టడం రాదు, కానీ విన్న ప్రతిసారీ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడతాను. న్యూపోర్ట్ వీడియోలు చూసి కదిలిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ నేను చెప్పేది, ఈ మొదటి మెట్టు కూడా వింటే గానీ అదెంత ఎత్తో తెలియదు.

గిటార్ వాయించేవాళ్లకి ఈ పెట్టె ఇంకో రకంగా పాఠశాల. జోనీకి తొమ్మిదేళ్ల వయసులో పోలియో వచ్చింది, ఎడమ చెయ్యి బలహీనపడింది. మామూలు శ్రుతిలో గిటార్ వాయిస్తే కార్డులు, అంటే కొన్ని స్వరాలు కలిసి మోగే పట్లు, పట్టడానికి వేళ్లకి చాలా బలం కావాలి. అందుకని తీగల్నే వేరే వేరే శ్రుతుల్లో సవరించుకోవడం మొదలుపెట్టింది, వేళ్లకి పని తగ్గించి తీగలకి పని పెంచింది. డెట్రాయిట్‌లో ఎరిక్ ఆండర్సన్ అనే గాయకుడు, ఏ వేలూ పెట్టకుండానే తీగలన్నీ కలిసి ఒక కార్డుగా మోగే ఓపెన్ జీ శ్రుతి నేర్పాడు, అక్కడి నుంచి ఆమె ఆగలేదు, మొత్తం మీద యాభైకి పైగా ట్యూనింగులు వాడింది. ఈ పెట్టెలో ఆ మార్పు కూడా చెవికి దొరుకుతుంది. మొదట్లో మామూలు గిటార్, జానపద గాయకులందరూ వాయించే వాయిద్యం. 1966, 67కి వచ్చేసరికి కింది తీగ మోగే తీరే మారిపోతుంది, ఒక గిటార్ వాయిస్తుంటే గదిలో ఇంకేదో కూడా మోగుతున్నట్టు ఉంటుంది.

నేను ఇరవై ఏళ్లకి పైగా ఆమె పాటల్ని మామూలు శ్రుతిలో వాయించాలని చూసి, ఎందుకు కుదరడం లేదో తెలియక బాధపడ్డాను. ట్యూనింగుల సంగతి తెలిసిన రోజు, లావు తీగని బాగా వదులు చేసి, మిగతావి ఒక్కొక్కటీ చెవితో సరిచూసుకుంటూ, చివరికి ఏ వేలూ పెట్టకుండా ఆరు తీగల మీదా కుడిచెయ్యి ఒక్కసారి దింపాను. నా గదిలో ఆమె గిటార్ మోగింది. అచ్చం అదే. ఎడమచెయ్యి ఊరికే ఒళ్లో ఉంది. బలం లేని చెయ్యి ఉన్న మనిషి కట్టుకున్న సంగీతం కదా, చేతికి కష్టం లేకుండానే మోగుతుంది. ఆ ధ్వని పూర్తిగా ఆగిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. కాంటర్‌బరీ హౌస్ రికార్డింగులో పాటకీ పాటకీ మధ్య ఆమె తీగలు సవరించుకుంటూ జనంతో కబుర్లు చెబుతుంటే, ఆ మెలితిప్పుళ్ల చప్పుడు కూడా నాకు పాటలో భాగమే అనిపిస్తుంది.

ఈ కబుర్ల గురించి రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పాటలకి విడిగా, మాటలకి విడిగా ట్రాకులు పెట్టారు కాబట్టి వద్దనుకుంటే దాటేసి వెళ్లొచ్చు. నేను మాత్రం దాటను. ఉదాహరణకి సర్కిల్ గేమ్. యవ్వనం చేజారిపోతోందని దిగులుపడుతూ, ఆమె స్నేహితుడైన గాయకుడు నీల్ యంగ్ కుర్రతనంలో షుగర్ మౌంటెన్ అని ఒక పాట రాశాడు. అతనికి ధైర్యం చెప్పడానికి ఈమె రాసిన పాట సర్కిల్ గేమ్. ఈ పెట్టెలో ఆ రెండు పాటలూ ఆమె గొంతులోనే ఉన్నాయి, స్నేహితుడి ప్రశ్న, తన జవాబు. సర్కిల్ గేమ్ ఎన్ని వందలసార్లు విన్నానో తెలియదు, కానీ ప్రశ్న ముందు విని, ఆ తర్వాత జవాబు వినడం ఇదే మొదటిసారి. జవాబు అర్థం మారిపోయింది. పాట అదే, ఇంతకుముందు అది లోకానికి చెప్పిన మాటలా వినబడేది, ఇప్పుడు ఒక కుర్రాడి భుజం మీద చెయ్యేసి చెప్పిన మాటలా ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అర్జ్ ఫర్ గోయింగ్ లాంటి పాటలు చాలాసార్లు వస్తాయి. నాకు అది ఇష్టమే, చలికాలం రాకముందే వెళ్లిపోవాలనిపించే ఆ పాట ఏటికేడాది ఎలా నెమ్మదిస్తుందో వినడం నాకు పండగ, కానీ మీకు విసుగు పుట్టొచ్చు, అది న్యాయమే. ధ్వని నాణ్యత అన్నిచోట్లా ఒకేలా లేదు. అరవై ఏళ్ల నాటి టేపులు, వాటిని ఎంత శుభ్రం చేసినా కొన్నిచోట్ల గొంతు దూరంగా, గది గోడల అవతల నుంచి వస్తున్నట్టు ఉంటుంది. చిన్న స్పీకర్లలో ఆ భాగాలు బాగోవు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట వినండి. అసలు ఒక పాట ఎప్పుడు రాసింది, ఏ పాట తర్వాత ఏది అని వెతుక్కునే నాలాంటివాళ్లకి పుస్తకంలో పాటపాటకీ వివరం ఇంకాస్త ఉంటే బాగుండేది అనిపించింది. క్రోతో సంభాషణ చాలా బాగుంది, దాన్ని తీసేయమనను, దానికి తోడు ఇది కూడా కావాలి అంటాను.

నేను కొన్న చోట మాత్రం అనుభవం బాగాలేదు. పెట్టె మూల నలిగి వచ్చింది, అది సరే అనుకున్నా, ఒక సీడీ మీద గీత పడి సరిగ్గా కచేరీ మధ్యలో పాట ఎగిరిపోయేది. మార్చి ఇవ్వమంటే మూడు వారాలు తిప్పారు. మీరు కొన్న రోజే ఐదు సీడీలూ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిపి చూసుకోండి, గడువు దాటాక గొడవ పడటం కంటే అది మేలు.

పాత ఆల్బంలు అన్నీ ఉన్నవాళ్లు కూడా ఇది ఎందుకు కొనాలి అని ఒకరు అడిగారు. మొదటి ఆల్బం సాంగ్ టు ఎ సీగల్ ఒకసారి వినండి. డేవిడ్ క్రాస్బీ అనే గాయకుడు ప్రొడ్యూస్ చేశాడు. పియానో తీగల మీద గొంతు ప్రతిధ్వనించేలా అదనంగా మైకులు పెట్టి రికార్డు చేయడం మంచి ఆలోచనే, కానీ టేపు మీద సుయ్‌మనే శబ్దం చేరిపోయింది, దాన్ని తీసేయబోతే గొంతులోని పైస్థాయి మెరుపు కూడా కొంత పోయింది. అందులో ఆమె ముసుగు వెనక నుంచి పాడుతున్నట్టు ఉంటుంది, ఆ ఆల్బం అంటే నాకు ప్రేమే అయినా ఆ మాట నిజం. ఇక్కడ 1967లో ఇంట్లో కూర్చుని పాడిన డెమోల్లో, కాంటర్‌బరీ హౌస్‌లో, ఆ ముసుగు లేదు. ఐ హాడ్ ఎ కింగ్ ఇక్కడ విన్నాక, అదే పాట ఆల్బంలో వింటే తేడా పసిపిల్లలకి కూడా తెలుస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. 2022 జనవరిలో, కోవిడ్ తప్పుడు సమాచారం మీద నిరసనగా స్పాటిఫైని వదిలేసిన నీల్ యంగ్‌కి మద్దతుగా, ఆమె కూడా తన పాటల్ని అక్కడి నుంచి తీసేసింది, మళ్లీ 2024 మార్చిలోనే అక్కడికి వచ్చాయి. ఆ నిర్ణయం ఆమెది, దాన్ని నేను గౌరవించాను. కానీ ఆ రెండేళ్లూ ఫోన్‌లో మాత్రమే వినే స్నేహితులు అల్లాడిపోయారు. నా అలమరలో ఈ పెట్టె ఉంది కాబట్టి నాకు ఏ లోటూ తెలియలేదు. ఆదివారాలు ఇద్దరు ముగ్గురు మా ఇంటికే వచ్చి వినేవాళ్లు, ఒకమ్మాయి అయితే వింటున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉండేది, వెళ్లేటప్పుడు సీడీ కవర్ని చేత్తో నిమిరి వెళ్లేది. మీకు ప్రాణమైన పాటలు ఏవైనా సరే, చేతికి అందే రూపంలో ఒకటి ఉంచుకోండి.

ఆమె గురించి ఒక్క మాట. జోనీ మిచెల్‌కి తనని ఫోక్ సింగర్ అంటే దశాబ్దాలపాటు గిట్టలేదు. ఈ పాత టేపుల్ని కూడా చాలాకాలం పట్టించుకోలేదు, నేను ఆ దశ దాటి వచ్చేశాను అన్నట్టే ఉండేది. వీటిని ఆమెకి వినిపించాక, తన మొదటి రోజుల విషయంలో తాను మరీ కఠినంగా ఉన్నానని ఒప్పుకుంది. ఆ మాట చదివినప్పుడు నాకు కడుపు నిండిపోయింది. యాభై ఏళ్లుగా ఆమె పాటల్ని మేం ప్రేమిస్తున్నాం, ఆ పందొమ్మిదేళ్ల పిల్లని ఆమె కూడా దగ్గరికి తీసుకుంది కదా. ఈ పని మొదలవడానికి కారకుల్లో ఒకరైన ఆమె పాత మేనేజర్ ఎలియట్ రాబర్ట్స్ 2019లోనే చనిపోయాడు. ఆయన ఉండి ఈ పెట్టెని చేత్తో పట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో.

ఏది కొనాలంటే, మొత్తం కావాలంటే ఐదు సీడీల పెట్టె. ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు, తిప్పేవాళ్లకి పది ఎల్పీల పరిమిత ముద్రణ వచ్చింది, ఇప్పుడు దొరకడం కష్టం. అంత వద్దు, ఒక్కటి చాలు అనుకుంటే కాంటర్‌బరీ హౌస్ కచేరీని విడిగా మూడు ఎల్పీలుగా ఇచ్చారు. ఆ రాత్రి ఆమె మూడు విడతలు పాడింది, మూడూ ఉన్నాయి. 1963 రేడియో రికార్డింగు కూడా ఒకే ఎల్పీగా విడిగా వచ్చింది, అది మాత్రం పక్కా అభిమానులకే. వినే వరుస అడిగితే, మొదటి రోజు కాంటర్‌బరీ హౌస్, రెండో రోజు 1963, 64, మూడో రోజు 1965, అందులో అమ్మ టేపు. మిగతావి మీ ఇష్టం.

2021లో వచ్చిన రెండో సంపుటం 1968 నుంచి 1971 వరకు. అందులో ఒట్టావాలో 1968 మార్చిలో ఆమె పాడుతుంటే వేదిక ముందు కూర్చుని పేరున్న గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ స్వయంగా రికార్డు చేసిన టేపు ఉంది. కొన్నాళ్లకే అతని దగ్గర్నుంచి అది దొంగల పాలై, దశాబ్దాల తర్వాత దొరికింది. దాని గురించి వేరే రాస్తాను, ఇంకా రెండుసార్లే విన్నాను, రాయడానికి అది చాలదు.